ఎడమ చెవి

ఎవరికీ చెప్పనని బైబిలు ముట్టి ఇచ్చిన మాట నా భార్య సంపూర్ణమ్మ ఇరవై ఏళ్ల కిందటే తప్పింది. నాకు నిన్న తెలిసింది.

దెబ్బలు తిని పుట్టింటికి వచ్చేసిన మా అమ్మాయిని తీసుకెళ్లడానికి అల్లుడు సుకుమార్ పూతరేకులు పట్టుకుని వచ్చాడు. వాణ్ణి చూడగానే నేనే అందుకున్నాను.

“కొట్టడం, ఏడవడం, మిఠాయి తేవడం. మీ బాపతు గురించి పుస్తకాలు చదివానండి అల్లుడుగారూ. తప్పు మాత్రం ఆడదానిదే అంటారు. అమ్మాయిని పంపను.”

వాడు నవ్వాడు. “అత్తయ్యగారి ఎడమ చెవి ఎవరు కొడితే పోయిందో ఆవిడ మీ అమ్మాయికి చిన్నప్పుడే చెప్పేశారండి, మావయ్యగారూ.”

అమ్మాయి తల్లి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. పూతరేకుల ముందు మేమిద్దరమే మిగిలాం.

ఆనాడు ఎదురు చెప్పి నా చెయ్యి లేచేలా చేసినందుకూ, ఆ సంగతి దాచనందుకూ నేను ఇప్పటికీ తప్పుపట్టేది ఒక్క సంపూర్ణమ్మనే.