ఆవకాయ బూజు పట్టిన ఏడు

ఏది చెడినా కారణిని అడగడం ఆ రోజుల్లో ఇంటింటా అలవాటే. పప్పు మాడినా, పెళ్లి పెటాకులైనా, ఎందుకో ఆ గోడమీది యంత్రం తేల్చి చెప్పేది.

కాకినాడలో సాన్వి ఇంట అత్తాకోడళ్లు కలిసి పెట్టిన ఆవకాయ ఆ ఏడు బూజు పట్టింది. కోడలు ఉప్పు తక్కువ వేసిందంది అత్తగారు శిరీష. సాన్వికి రోషం వచ్చి, భోజనాల దగ్గర అందరి ముందూ కారణిని అడిగింది.

"జాడీలో తడి గరిటె పెట్టారు. ఇక్కడితో ఆపమంటారా?" అంది కారణి.

"ఆపొద్దు. మూలం దాకా చెప్పు," అంది సాన్వి.

"పెట్టింది శిరీషగారు. ఆవిడకి తడి కనపడలేదు. చూపు తగ్గి ఏడాదైంది. తెలిస్తే వంటింట్లోకి రానివ్వరని దాచారు."

శిరీష కంచం ముందు నుంచి మెల్లగా లేచింది. "నిజమేనమ్మా. ఇకమీదట నువ్వే కలుపుకో."

"అయ్యో అత్తయ్యా, నేను ఉప్పు సంగతే తేల్చుకుందామనుకున్నాను," అంటూ సాన్వి ఆవిడ చేయి పట్టుకుంది. మొదటి జవాబుతోనే ఆ సంగతి తేలిపోయింది. అక్కడే ఆపాల్సింది.

కళ్లకి వైద్యం చేయించారు. చూపు చాలావరకు తిరిగొచ్చింది. మరుసటి వేసవిలో సాన్వి మామిడికాయలు కొట్టించి, కలపడానికి రమ్మని బతిమాలింది.

"బాగానే కలుపుతావులే," అంది శిరీష, హాల్లోంచి కదలకుండా.

సాన్వి ఒక్కతే కలిపిన ఆ ఆవకాయ ఏడాదంతా చక్కగా నిలవుంది.