తోమిన నాణేలు

అటక మీద దొరికిన రేకుడబ్బా మూతను గడియారాల మెకానిక్ ఆ రాత్రి కోసి తీశాడు. ఎప్పుడో తానే టంకం పెట్టి మూసి, మరిచేపోయిన రాగి నాణేలు తళతళలాడుతున్నాయి. అతనికి ఒళ్లు మండింది. పాత నాణేన్ని తోమితే దాని విలువ మట్టిపాలేనని, నాణేలు పోగుచేసే ఏ వెధవకైనా తెలుసు.

“ఏమే, వీటిని తోమిందెవరు?”

“గిన్నెలు తోమడానికే ఓపిక లేదు, మీ చిల్లర తోముతానా?” పక్కగదిలోంచి భార్య గయ్యిమంది. “అయినా ఆ డబ్బాకి టంకం పెట్టింది మీరేగా!”

అడుగున ఒక నాణెం సగమే మెరుస్తోంది. ఆ సగం ఇంకా తడిగా ఉంది.

“ఇదొక్కటీ ఎందుకు మిగిల్చావ్? దీన్నీ తోమి తగలెయ్యి!” ఎవరినంటున్నాడో తనకే తెలియకుండా అరిచి, నాణేన్ని డబ్బాలోకి విసిరికొట్టి, మూత అదిమాడు.

డబ్బా లోపల ఎవరో బుద్ధిగా తోముతున్న చప్పుడు మొదలైంది.