రెండో వైరు, మూడో వైరు

"ఐదింటిదాకా చూస్తాను. ఆ తర్వాత కబాడీవాడిదే," అన్నాడు బుచ్చిబాబు వాచీ చూసుకుంటూ.

నాచారంలోని ఆ అద్దె ఇంటి గేటు ముందు పాత ఇనుము కొనే కబాడీ లారీ అప్పటికే వచ్చి ఆగింది.

సామాన్లన్నీ పొద్దున్నే నారపల్లిలోని కొత్త ఇంటికి వెళ్లిపోయాయి. మిగిలింది షెడ్డులోని పాత ఫియట్ ఒక్కటే.

"నడిస్తే నేనే తోలుకెళ్తాను. నడవకపోతే నేనే వదిలేస్తాను. మాటంటే మాటే అన్నయ్యా," అంది రాజేశ్వరమ్మ.

భర్త పాండురంగారావు పట్టుబట్టి ఆమెకు డ్రైవింగ్ నేర్పించింది ఆ కారులోనే. ఆయన పోయి ఎనిమిదేళ్లయింది. కారు కదిలీ ఎనిమిదేళ్లయింది.

మెకానిక్ దామోదర్ తాళం తిప్పాడు. ఇంజన్ అందుకుంది.

అందుకున్న మరుక్షణం బండి మొత్తం చలిజ్వరం వచ్చినట్టు వణికింది. టప్పు టప్పుమని లోపల పేలి ఆగిపోయింది.

"మూడు దినాల సంది ఇదే కథ," అన్నాడు దామోదర్. "టాంకు కడిగిన. కార్బురేటర్ కడిగిన. ప్లగ్గులు కొత్తయి. వైర్లు సుత కొత్తయే. కలగలవొద్దని ఒక్కోటి పీక్కుంట, దాని జాగల్నే కొత్తది పెట్టుకుంట వచ్చిన. ఇంకేం జెయ్యాలెనో మీరే చెప్పున్రి."

బానెట్ దించి, చేతులు తుడుచుకున్నాడు.

నాలుగూ నలభై.

"రెండో వైరు మూడో దాని మీదికి, మూడోది రెండో దాని మీదికి మార్చు బిడ్డా."

అందరూ తిరిగి చూశారు. గేటు దగ్గర అరవై ఏళ్ల మనిషి. ఖాకీ చొక్కా, చంకలో గుడ్డసంచీ.

"బానెట్ మూసే ఉన్నది గద పెద్దాయనా," అన్నాడు దామోదర్. "రేకు లోపట్కెల్లి కనబడుతున్నదా నీకు?"

బుచ్చిబాబు నవ్వాడు.

పెద్దాయన నవ్వలేదు. "మార్చి సూడు. పోయేదేముంది."

దామోదర్ గొణుక్కుంటూ బానెట్ ఎత్తాడు. వైర్లు మార్చి తాళం తిప్పాడు.

ఇంజన్ అందుకుంది. వణుకు లేదు, పేలుడు లేదు. బానెట్ అంచున మరిచిపోయిన స్పానర్ కూడా కదల్లేదు.

"నా బుద్ధి గిట్లుంది," అన్నాడు దామోదర్. "పాతయి తప్పు జాగల ఉన్నయి. నేను జాగ్రత్తగ ఆ తప్పు జాగల్నే కొత్తయి పెట్టిన."

కబాడీవాడు ఇంజన్ చప్పుడు విని లారీ ఎక్కాడు. "మంచిదేనమ్మా. గిసోంటి బండిని కోస్తే నాకు అన్నం దిగకపోతుండె."

రాజేశ్వరమ్మ ఒక చేయి కారు మీద ఉంచి, రెండో చేత్తో కళ్లు తుడుచుకుంది.

"ఇన్నేండ్లల్ల ఎవ్వలికీ సూపియ్యలేదా అమ్మా?" అని అడిగాడు పెద్దాయన. "నాలుగు దినాల్ల ఎవడైన పట్టేసే పని."

"ఎందుకు చూపిస్తాను బాబూ? ఎనభై అయిదులో ఆయన పోయిన పదకొండో రోజున మా మరిది ఒక మెకానిక్‌ని వెంటబెట్టుకొచ్చాడు, కారు తోలుకుపోదామని. మొగుడు పోయినదానికి కారెందుకన్నాడు. నేను లోపలి గదిలోంచి ఏడుస్తూ బతిమాలుతూనే ఉన్నాను, అదొక్కటీ వదిలెయ్యమని. వింటేనా?"

"మరి?"

"ఆ మెకానిక్ చాలాసేపు చూసి, స్టార్ట్ చేశాడు. ఇదిగో, ఇలాగే వణికింది. ఇంజన్ పోయింది, ఇనుముకి కూడా పనికిరాదన్నాడు. మరిది దీని బదులు ఆయన స్కూటర్ తోలుకుపోయి, దీన్ని ఇక్కడే పడేసి పోయాడు. నేనూ ఆ మాట నమ్మి షెడ్డుకి తాళం వేశాను. వాడెవడో పని రానివాడు. వాడి మొహం కూడా చూళ్లేదు, ఎనిమిదేళ్లుగా తిడుతూనే ఉన్నాను."



"తిట్టున్రి అమ్మా," అన్నాడు పెద్దాయన. "మళ్ల ఒక్కపారి వచ్చి ఒక్క ముక్క చెప్పాల్సి ఉండె వాడు. చెప్పకపోవుడు వాని తప్పే."

"కూర్చోండి. టీ పెడదామంటే గిన్నెలు కూడా నారపల్లి పోయాయి. దామోదర్‌ని హోటలుకి పంపుతాను."

"వద్దమ్మా. బస్సున్నది నాకు."

సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు.

"ఎవలమ్మా ఆయన? మీ సుట్టమా?" అన్నాడు దామోదర్.

"నీతో వచ్చాడనుకున్నాను."

"నాతోనా? పొద్దుగాల లాలాపేటల, స్పేర్ పార్టుల దుకాణంల ఈ బండి గోస చెప్పుకుంటుంటే పక్కన నిలవడ్డడు. నాచారం పాండురంగారావు సారు ఫియటేనా అనడిగిండు. గంతే. పేరు సుత చెప్పలే."

రాజేశ్వరమ్మ చేయి కారు మీదే ఆగిపోయింది.

"దామోదర్, ఆయన చెప్పినప్పుడు బానెట్ మూసే ఉంది కదూ?"

"మూసే ఉన్నది. అదే నాకు సమజ్ కాలే."

ఆమె గబగబా డ్రైవర్ సీట్లో కూర్చుంది. దామోదర్ బానెట్ మూసి, పరుగున వచ్చి పక్క తలుపు తీసి ఎక్కాడు. ఎనిమిదేళ్ల తర్వాత ఆమె కాలు క్లచ్‌ను గుర్తుపట్టింది. ఒక కుదుపు, రెండు కుదుపులు. కారు గేటు దాటింది.

నాచారం చౌరస్తాకి చేరేసరికి లాలాపేట బస్సు మలుపు తిరుగుతోంది. కిటికీలో ఆ ఖాకీ చొక్కా కనిపించింది.

ఆమె హారన్ మీద నుంచి చేయి తియ్యలేదు. బస్సు ఆగలేదు.

కారు పక్కకు ఆపి దిగింది. బస్సు పోయిన దిక్కుకు రెండు చేతులూ జోడించి నిలబడింది.

"ఎవలమ్మా?" అన్నాడు దామోదర్ మెల్లగా.

"ఆ రోజు మా మరిది తెచ్చిన మెకానిక్ దామోదర్... లోపల నా ఏడుపు విని, తన చేత్తోనే ఆ రెండు వైర్లూ మార్చి, బండి నాకు మిగిల్చి వెళ్లిన మనిషి."