తలుపు చెప్పిన మతం

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఇళ్ల తలుపులన్నీ మాటలు నేర్చిన కాలమది. శాసనసభకు నిలబడ్డ ఎల్డాది మోర్మన్ అనే క్రైస్తవ శాఖ. ఆమె ఏ గడప ఎక్కినా తలుపే ముందు అరిచేది: "మోర్మన్ అభ్యర్థి! మా ఇంట్లో మోర్మన్లంటే పడదు." ఒక్కటీ తెరుచుకునేది కాదు.

నలభయ్యో తలుపూ అదే పాట అందుకుంటుండగా పెరట్లోంచి పందిపిల్ల దూసుకొచ్చింది. దాని వెనకే బాప్టిస్టు చర్చికెళ్లే ఆ ఇంటి ముసలమ్మ మెర్నా.

"పట్టుకోవమ్మా!"

ఎల్డా కరపత్రాలు గాల్లోకి విసిరి దూకింది. ఇద్దరూ బురదలో దొర్లి, దాన్ని పట్టి, పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

"కాఫీ తాగుతావా?"

"మా మతంలో తాగమండీ."

"చెప్పానా!" అంది తలుపు.

"నోర్ముయ్!" మెర్నా దాన్ని భుజంతో తోసేసింది. "లోపలికి రా, పాలు తాగుదువు. ఓటు నీకే పిల్లా. మీ చర్చికి రమ్మని మాత్రం అనకు!"

బురద కాళ్లతోనే ఎల్డా గంతేసి లోపలికెళ్లింది.