ఐదు జవాబులు

"కింద పడ్డాక ఎంతసేపటికి లేచావు?" కళ్లలోకి టార్చి వేసి అడిగాడు డాక్టరు.

"వెంటనే," అన్నాడు కార్డెల్.

అబద్ధం. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో సగం విరామానికి కాస్త ముందు అవతలి జట్టువాళ్లు ముగ్గురు ఒక్కసారిగా మీద పడితే, అతన్ని రెక్క పట్టుకుని లేపింది టువాలా. కార్డెల్ బంతితో దూసుకెళ్లేందుకు తొమ్మిదేళ్లుగా ముందుండి దారి చేస్తున్న మనిషి. మైదానం నుంచి నడిపించుకొస్తూ చెవిలో గొణిగాడు: "తలకి దెబ్బ తగిలిందేమోనని డాక్టరు అయిదు ప్రశ్నలడుగుతాడు. జవాబులు నే చెప్తా, బట్టీ పట్టెయ్."

కిటికీ లేని గది. తలుపుకు అడ్డంగా కోచ్ మెక్‌కార్టన్. పైన అరవై వేల మంది కార్డెల్ పేరు అరుస్తుంటే కప్పు అదురుతోంది. కార్డెల్ భార్య డెనీస్ గోడకానుకుని నిలబడింది.

"ఇంకో ఇరవై గజాలు పరిగెత్తితే లీగ్ రికార్డు వీడిదే," అన్నాడు కోచ్. "వచ్చే ఏడాది కాంట్రాక్టూ దాని మీదే ఉంది. తొందరగా తేల్చండి డాక్టర్."

"మీరు ఊరుకోండి సార్," అంది డెనీస్. "కార్డెల్, నా వంక చూడు. తల తిరుగుతుంటే తిరుగుతోందని చెప్పు. ఆడింది చాలు, ఇంటికి పోదాం."

"బాగానే ఉన్నానండీ."

"ఇప్పుడు కూడా వేళాకోళమేనా?"

కార్డెల్ తలుపు వైపు చూశాడు. కోచ్ కదల్లేదు. ఆ జవాబులు అప్పజెబితే తప్ప ఇక్కణ్ణించి ఎవరూ వదిలేలా లేరు.

"ఏ ఊళ్లో ఉన్నాం?"

"మిల్‌వాకీ."

"ఏ నెల?"

"డిసెంబరు."

"ఎవరితో ఆడుతున్నారు?"

"టల్సాతో."

"ఆఖర్న పాయింట్లు ఎవరు కొట్టారు?"

"మనవాళ్లే."

"పోయిన వారం?"

"ఓడిపోయాం."

డాక్టరు టార్చి ఆర్పాడు. "ఆడొచ్చు."

డెనీస్ రెండు చేతులతో మొహం కప్పుకుని కుర్చీలో కూలబడింది. కోచ్ తలుపు తీశాడు.

బయట టువాలా హెల్మెట్ అందించాడు. "గట్టెక్కావు కదరా."

కార్డెల్ నాలుగడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరిగి, తెరిచి ఉన్న తలుపులోంచి చూశాడు.

"లోపల ఒకావిడ ఏడుస్తోందిరా, పాపం," అన్నాడు. "ఎవరి భార్య?"