వెనకొచ్చేవాళ్ళ కోసం

"లారీకి ఎనక రబ్బర్లు లేవే నాయనా! కట్టేదా?"

గిద్దలూరు రైల్వే గేటు పడి ఉంది. డ్రైవరు కరుణాకరం విసుగ్గా కిందికి చూశాడు. పొద్దుగూకేలోపు మార్కాపురం చేరకపోతే లీదియా అన్నం ముట్టదు. ఐదేళ్ళ కూతురు. లారీ మోత వినబడితే చాలు, "నాయనొచ్చె!" అంటూ వెనకే పరుగెత్తుతుంది.

పిలిచింది టైరు చెప్పులు కుట్టే ముసలాయన. తలగుడ్డను కుడి చెంప దాకా లాగి కట్టుకున్నాడు. ఎండకు కాబోలు.

"రబ్బర్లెందుకు తాతా? దిష్టి చెప్పు ఉండాది గదా!"

నిజమే. లారీ వెనక ఎర్రపట్టీ చెప్పొకటి వేలాడుతోంది. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆ దారిన తిరిగే లారీలే తక్కువ, వాటిలో చెప్పు కట్టని లారీ లేదు; ఎర్రపట్టీది మాత్రం ఇదొక్కటే. కరుణాకరం ఆదివారం తప్పకుండా చర్చికి పోయేవాడే. ఆ చెప్పు సంగతిలో మాత్రం పాస్టరు మాట కూడా వినడు.

"ఎవరు కట్టినారు దాన్ని?"

"నేనే. లారీ నా చేతికొచ్చిన మొదటి రోజే కట్టినా."

ముసలాయన ఆ ఎర్రపట్టీని వేలితో తడిమాడు.

"చెప్పు లారీని కాస్తాది నాయనా. ఎనకొచ్చేటోళ్ళను ఎవరు కాస్తారు?"

బేరం కోసం ఎన్ని మాటలు! కరుణాకరానికి చిర్రెత్తుకొచ్చింది.

"నాకేం అక్కర్లేదు, పో తాతా" అని దిగి టీ తాగడానికి పోయాడు.

తిరిగొచ్చేసరికి ముసలాయన లారీ వెనక దూరి ఉన్నాడు. చేతిలో కత్తి!

"ఏందిది? టైర్లు కోస్తాండావా?" రెక్క పట్టుకుని బయటికి ఈడ్చాడు.

ముసలాయన మోచేయి గీరుకుపోయింది. అయినా కోపం తెచ్చుకోలేదు.

"అయిపోయె నాయనా. ఒక్క బోల్టు బిగించాల, అంతే."

పాత టైరును వెడల్పు ముక్కలుగా కోసి, ఆరెతో రంధ్రాలు పొడిచి, వెనక చక్రాలకు అడ్డంగా వెనకవైపు రెండు పక్కలా వేలాడగట్టాడు. కరుణాకరం మెత్తబడి జేబులో చెయ్యి పెట్టాడు.

"వద్దు నాయనా. పీకెయ్యొద్దు, అదే చాలు."

గేటు లేచింది. 'పిచ్చి ముసలాడు' అనుకుంటూ కరుణాకరం బండి కదిలించాడు.

వాళ్ళ ఇల్లు పలకల గనుల పక్కనే. ఆ దారిలో గుంతలన్నీ గనుల్లోని రాతిపెచ్చులతోనే పూడుస్తారు. లీదియా ఎప్పటిలాగే వెనక పరుగు తీసింది. తల్లి యేసుమణి అరుస్తూనే ఉంది.

చక్రం కింద ఏదో చిట్లింది. వెనక దబ్బుమని మోత.

దిగి చూస్తే, కత్తిలాంటి రాతిపెచ్చు రబ్బరులో సగం దాకా దిగబడి ఉంది. దానికి సూటిగా అవతల లీదియా, నవ్వుతూ.

కరుణాకరం పరుగున పోయాడు. బిడ్డను గుండెకు అదుముకుని "ప్రభువా, నీకు స్తోత్రం!" అన్నాడు. ఆ కృతజ్ఞత మొదట చెప్పుకోవాల్సిన మనిషి గిద్దలూరులో ఉన్నాడని వెంటనే గుర్తొచ్చింది.

మళ్ళీ అటు కిరాయి దొరికినప్పుడు కొత్త పంచె కొన్నాడు. లీదియాను పక్కన కూర్చోబెట్టుకుని పోయాడు. గేటు దగ్గర ముసలాయన కూర్చునే చోట ఒక ముసలమ్మ ఉంది. ఆయన భార్య మగ్దలీనమ్మ.

"జరమొచ్చి పోయినాడు నాయనా. మొన్ననే మట్టి చేసినాం."

కరుణాకరం అక్కడే కూలబడ్డాడు. పంచె ఆమె ఒళ్ళో పెట్టి, జరిగిందంతా చెప్పి ఏడ్చాడు.

"నా బిడ్డను కాపాడినాడమ్మా. ఆ చేతులు పట్టుకొని ఒక్క మాట చెప్పుకుందామని వచ్చినా. ఆ చేతినే నేను ఈడ్చి పారేసినా."

మగ్దలీనమ్మ లేచి లారీ వెనక్కి నడిచింది. ఎర్రపట్టీ చెప్పును చేత్తో పట్టుకుని చూసింది.

"ఇదేనా! దీని కోసరమే ఊళ్ళో పని మానుకొని గేటు కాడ కూర్చునేటోడు. వచ్చే లారీ, పోయే లారీ, అన్నీ చూసేటోడు."

"ఈ చెప్పు కోసమా? ఎందుకమ్మా?"

ఆమె లీదియా ముఖాన్ని రెండు చేతులా నిమిరింది.

"ముందటేడు లారీ ఎనక నడిచొస్తాంటే రాయెగిరి ఆయన కుడికన్ను పోయింది నాయనా, ఆ కన్ను ఆఖర్న చూసింది ఈ ఎర్రపట్టీ చెప్పునే."