ఉత్త రిమోట్

రెక్క కోస్తుంటే కత్తి మళ్ళీ గీత దాటింది.

"పాడు చెయ్యి!" అని టైలరమ్మ తన కుడిచేతిని తిట్టుకుంది.

"తిట్టకక్కా. అది గుడ్డ కాదు, ఫోమ్‌బోర్డు. జిగురు పెడితే అతుక్కుంటుంది," అన్నాడు తమ్ముడు.

ఆమె జబ్బుపడి లేచాక చేతులకు వణుకు వచ్చింది. ఒక పెళ్ళికొడుకు కోటు గుడ్డను అడ్డంగా కోసేసిన రోజున దుకాణం మూసింది. మళ్ళీ కత్తెర ముట్టలేదు.

"చేతులు బాగానే ఉన్నాయమ్మా, భయమే మిగిలింది," అన్నాడు డాక్టరు. భయానికి మాత్రం మందు రాసివ్వలేదు మహానుభావుడు!

అప్పుడే తమ్ముడు నాలుగు ఫోమ్‌బోర్డులూ, చిన్న మోటారూ, తన పాత రిమోటూ తెచ్చి ఆమె కటింగ్ బల్ల మీద పడేశాడు.

"జెట్ విమానం చెయ్యి. ఎగరేద్దాం."

"నీకేమైనా మతి పోయిందిరా?"

మతి పోయింది ఆమెకే. కాగితం నమూనా పరిచి, చుట్టూ గీసి, కోసి, మడిచి, వేడి జిగురు పెట్టి అతికిస్తూ తిండీ నిద్రా మరిచింది. కునుకు పడితే చాలు, ఆ తెల్లటి జెట్ దుకాణంలో వేలాడే కోట్ల మధ్య చప్పుడు లేకుండా తిరిగేది. కోట్లన్నీ చేతులు పక్కకు తీసి దానికి దారిచ్చేవి.

జెట్ తయారైన రోజున ఆమె తేల్చి చెప్పేసింది.

"నా చేతులతో దీన్ని ఎగరేసి, ముక్కలు కాకుండా దించితేనే మళ్ళీ కత్తెర పట్టుకుంటా. లేదంటే దుకాణం అమ్మేస్తా."



ఆదివారం తెల్లారి మైదానానికి వెళ్ళారు. పొగమంచు ఇంకా గడ్డిని వదల్లేదు. తమ్ముడిలాంటి సరదారాయుళ్ళు ఎగరేస్తున్న బుల్లి విమానాలు పైన కలలోలా తేలుతున్నాయి.

అందరికీ దూరంగా ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. చేతిలో రిమోట్ ఉంది, విమానం లేదు. ఆకాశంలోకి చూస్తూ మీటలు కదుపుతున్నాడు.

"ఎవర్రా ఆయన?"

"ఉత్త రిమోట్ బాబాయి. విమానం లేకుండానే ఎగరేస్తాడు," అన్నాడు తమ్ముడు. టైలరమ్మకు నవ్వాగలేదు.

పెద్దాయన దగ్గరకొచ్చాడు.

"కొత్త జెట్టా అమ్మా? ఏ రిమోట్‌తో జత కలిపితే ఆ రిమోట్ మాటే వింటుంది. రెండూ ఇలా ఇవ్వండి, కలిపిస్తాను."

"ఇచ్చెయ్యక్కా. కొత్తవాళ్ళకి జత కలిపేది ఆయనే. ఆయనకదో సరదా."

పెద్దాయన ఓ పక్కన కూర్చుని ఏవేవో బటన్లు నొక్కి తెచ్చిచ్చాడు.

తమ్ముడు జెట్‌ని పైకి విసిరాడు. లేచింది! మంచు దాటి ఎండలోకి వెళ్ళి తళుక్కుమంది. టైలరమ్మ ఒళ్ళంతా తేలికైపోయింది.

అంతలోనే చెయ్యి వణికింది. జెట్ ముక్కు తిరగబడి నేలకేసి దూకింది.

"పోయింది!" అని ఆమె కళ్ళు మూసుకుంది.

తెరిచేసరికి జెట్ తిన్నగా సర్దుకుని, మెల్లగా తిరిగొచ్చి, గడ్డి మీద పొట్ట ఆనించి ఆగింది.

"అక్కా, దించేశావ్!"

ఆమె ఏడ్చేసింది. మర్నాడే దుకాణం తెరిచింది. మొదట కోసింది దిండు గలీబే కానీ, కత్తెర గీత దాటలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారమూ ఆమె మైదానంలోనే ఉండేది. పెద్దాయన కాస్త వెనగ్గా నిలబడి ఖాళీగా రిమోట్ తిప్పుకునేవాడు.

"ఎడమ మలుపు ఇంకా నిదానంగా తిప్పాలమ్మా," అన్నాడు ఒకసారి.

"ముందు మీరో విమానం కొనుక్కోండి బాబాయ్ గారూ, తర్వాత నాకు చెబుదురుగాని!"

అందరూ ఘొల్లున నవ్వారు. ఆయనా నవ్వాడు.

ఒక ఆదివారం ఆయన రాలేదు.

ఆ రోజే టైలరమ్మ జెట్ మొరాయించింది. బ్యాటరీ మార్చారు, తీగలు చూశారు. రిమోట్ ఎంత తిప్పినా ఉలుకూ పలుకూ లేదు.

అప్పుడొచ్చింది ఒక పెద్దావిడ, చేతిసంచీతో.

"మా ఆయన రోజూ చెప్పే మైదానం ఇదేనా బాబూ? మొన్న నిద్రలోనే వెళ్ళిపోయారు. ఇది ఇక్కడ ఎవరికైనా పనికొస్తుందేమోనని..."

సంచీలోంచి రిమోట్ తీసింది. వేళాకోళం చేసిన నోటితో ఏం ఓదార్చాలో తెలియక టైలరమ్మ ఆ రిమోట్ అందుకుంది. ఊరికే స్విచ్ వేసి మీట కదిపింది.

గడ్డి మీద ఆమె జెట్ తోక టకామని లేచింది.

తమ్ముడు రిమోట్ లాక్కుని చూశాడు.

"అక్కా, నీ జెట్‌ని ఆయన తన రిమోట్‌కి కలుపుకున్నాడు. నీ రిమోట్‌ని కూడా దీనికే కలిపాడు. ఈ బటన్ మీద ఆయన వేలున్నంతసేపే జెట్ నీది. నువ్వు తడబడితే వేలు తీసేసి, తనే పట్టుకునేవాడు."

"మరి మొదటి రోజు దించింది..."

తమ్ముడు తల దించుకున్నాడు. "నాకూ కొత్తలో ఆయనే కలిపిచ్చాడు. కొన్నాళ్ళకి మళ్ళీ తీసుకుని సరిచేసిచ్చాడు. ఎందుకో అడగనైనా లేదు."

టైలరమ్మ చేతులు మళ్ళీ వణికాయి.

"మీరేనా టైలరమ్మ?" పెద్దావిడ ఆ చేతులు పట్టుకుంది. "పోయిన ఆదివారం ఎంత మురిసిపోయారో! 'ఇవాళ బటన్ మీంచి వేలు తీసే పనే పడలేదు, మొత్తం ఆ అమ్మాయే ఎగరేసింది, వచ్చేవారం జెట్‌ని తన రిమోట్‌కే కలిపిచ్చేస్తాను' అన్నారమ్మా."